ఇల్లు అదే, మనిషే లేదు: ట్రిప్లికేన్ కిట్టు కేసు

చెన్నైలో నా దగ్గరికి పిల్లుల్ని తెచ్చేవాళ్ళలో చాలామంది ఒక మాట అంటుంటారు: కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని. తిండి పెట్టినన్నాళ్ళే పిల్లి మనదని, చెయ్యి మారితే రెండో రోజుకే మర్చిపోతుందని ఆ మాట వెనక ఉన్న నమ్మకం. పిల్లుల వైద్యం చేస్తున్న నేను దాన్ని ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో చెప్పడానికి ఈ కేసు బాగా పనికొస్తుంది. ఇందులో ఇల్లు మారలేదు, తిండి మారలేదు, ఇసుక ట్రే కూడా ఉన్నచోటే ఉంది. ఒక్క మనిషి కొన్ని వారాలు ఇంట్లో లేరు. పిల్లికి మూత్రంలో రక్తం పడింది.

కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పిల్లి పేరు మాత్రం పెద్దావిడ కోరిక మీద అసలుదే ఉంచాను.

పిల్లి, ఇల్లు

కిట్టు పసుపూ తెలుపూ కలిసిన నాటు మగపిల్లి. ఆరేళ్ళ వయసు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది. ఇల్లు ట్రిప్లికేన్‌లో, పార్థసారథి స్వామి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో, రెండో అంతస్తు. మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగు వైష్ణవ కుటుంబం. డెబ్భై దాటిన పెద్దావిడ, కొడుకు, కోడలు, పదో తరగతి చదివే మనవడు ఉంటారు.

కిట్టును ఇంటికి తెచ్చింది పెద్దావిడ భర్త. ఒక కార్తీక మాసం వానల్లో గుడి వీధిలో తడిసి అరుస్తున్న పిల్లను కండువాలో చుట్టి తెచ్చారట. అప్పటికి దానికి నాలుగు వారాలు ఉంటాయేమో. పెద్దావిడ దూదితో, డ్రాపర్‌తో, రాత్రిళ్ళు లేచి పాలు పట్టి బతికించారు. పిల్లిపిల్లలు మనుషులకు అలవాటు పడే కాలం పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉంటుంది. ఆ రోజుల్లో ఏ చేతులు ఎత్తుకుంటాయో, ఏ గొంతు వినిపిస్తుందో అవి దాని లోకంలో భాగమైపోతాయి. కిట్టుకు ఆ చేతులు, ఆ గొంతు పెద్దావిడవే. రెండేళ్ళకు పెద్దాయన పోయారు. అప్పటి నుంచి కిట్టు ఆవిడ మంచం మీదే పడుకుంటాడు.

మాంసం గడప దాటి రాని ఇల్లు అది. మొదటిసారి టీకాలకు వచ్చినప్పుడు ఆవిడ "పెరుగన్నం తింటాడమ్మా, చాలదా?" అని అడిగారు. చాలదని చెప్పాను. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం చాలినంతగా తయారు చేసుకోలేదు, మాంసం నుంచీ చేపల నుంచే అందాలి. అందకపోతే కంటిపొర పాడవుతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండె సంగతి 1987లో అమెరికాలో బయటపడ్డాకే కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ పెంచాయి. ఆవిడ విని ఒక్క క్షణం ఆలోచించి "వాడి ధర్మం వాడిది" అన్నారు. ఆ రోజు నుంచి బాల్కనీలో ఒక గిన్నె, అందులో ప్యాకెట్ తిండి. ఇంటి ఆచారాన్నీ పిల్లి ఒంటినీ రెండింటినీ అంత తేలిగ్గా గౌరవించిన మనుషుల్ని నేను తక్కువ చూశాను.

వచ్చిన ఫిర్యాదు

జూలై చివర్లో పెద్దావిడ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక వేళచ్చేరిలో కూతురింటికి తీసుకెళ్ళారు, అక్కడ లిఫ్ట్ ఉంది కాబట్టి. కిట్టు ట్రిప్లికేన్‌లోనే ఉండిపోయాడు. ఆగస్టు మధ్యలో కొడుకు, మనవడు వాణ్ణి బుట్టలో పెట్టుకుని వచ్చారు.

"మేడం, వీడు మా అమ్మ మంచం మీద ఉచ్చ పోస్తున్నాడు. ట్రే శుభ్రంగానే ఉంది. అయినా అక్కడికే వెళ్తాడు. మా మీద పగబట్టాడు" అన్నారు కొడుకు. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ. పగలు ఆఫీసు, సాయంత్రం వేళచ్చేరి, రాత్రి బొంతలు ఉతకడం. మనవడు వేరే సంగతి చెప్పాడు: కిట్టు ట్రేలో చాలాసేపు కూర్చుంటున్నాడు, రెండు చుక్కలు పడుతున్నాయి, పడినవి గులాబీ రంగులో ఉన్నాయి, తర్వాత అక్కడే నాకుకుంటున్నాడు.

మగపిల్లి ముక్కుతోంది, మూత్రం సరిగా రావడం లేదు అంటే మొదట చూడాల్సింది మూత్రనాళం మూసుకుపోయిందా అని. మగపిల్లికి ఆ నాళం చివర చాలా సన్నం. సన్నటి స్ట్రాలో ఇసుక అడ్డుపడ్డట్టు చిన్న చిన్న స్ఫటికాలు, జిగురు కలిసి దాన్ని మూసేస్తాయి. మూసుకుంటే రక్తంలో పొటాషియం పెరిగి రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇది చదివేవాళ్ళలో మగపిల్లిని పెంచేవాళ్ళుంటే ఒక్కటే చెప్తాను: ట్రేలో కూర్చుని ముక్కుతూ ఏమీ రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే తీసుకెళ్ళండి.

కిట్టు పొట్ట నొక్కి చూస్తే మూత్రాశయం చిన్నదిగా, గట్టిగా ఉంది, నొక్కగానే వాడు చెవులు వెనక్కి వాల్చి మూలిగాడు. అడ్డుపడితే ఉబ్బి పెద్ద నిమ్మకాయంత పైనే తగులుతుంది. ఇక్కడ అడ్డు లేదు, నొప్పి ఉంది. జ్వరం లేదు, 101.5 ఫారెన్‌హీట్. బరువు 5.9 కిలోలు, ఉండాల్సినదానికంటే ఎక్కువ.

పరీక్షలు

రక్తపరీక్షలో కిడ్నీలు, పొటాషియం బాగానే ఉన్నాయి. ఎక్స్-రేలో రాళ్ళు లేవు. అల్ట్రాసౌండ్‌లో మూత్రాశయం గోడ మందమెక్కి కనిపించింది, అంతే. సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీసిన మూత్రంలో రక్తం బాగా ఉంది, చిక్కదనం 1.052, అంటే వాడు నీళ్ళు తక్కువ తాగుతున్నాడు. కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగలేదు.

రాయి లేదు, ఇన్ఫెక్షన్ లేదు, గడ్డ లేదు. అలాంటప్పుడు మిగిలేది ఇడియోపథిక్ సిస్టైటిస్: కారణం బయటికి కనిపించకుండా మూత్రాశయం వాచిపోవడం. పదేళ్ళలోపు పిల్లులు మూత్ర సమస్యతో వస్తే సగం కంటే ఎక్కువ వాటిలో ఇదే ఉంటుంది. ఇంట్లోనే ఉండే మగపిల్లి, నడివయసు, కాస్త బరువు, పొడి తిండి: పుస్తకంలో రాసిన లక్షణాలన్నీ కిట్టులో ఉన్నాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ ఏళ్ళ తరబడి చూపించింది ఏమిటంటే, ఇది మూత్రాశయంలో మొదలయ్యే జబ్బు కాదు. ఒత్తిడికి పిల్లి నాడీవ్యవస్థ స్పందించే తీరులో తేడా ఉంది, ఆ దెబ్బ మూత్రాశయం మీద పడుతుంది. 2011లో ఆయన బృందం ప్రచురించిన పరిశీలన నాకు ఇంకా ముఖ్యం. రోజూ చూసుకునే మనిషి మారినా, వేళలు మారినా, ఏ జబ్బూ లేని పిల్లులు కూడా తిండి తగ్గించాయి, వాంతులు చేసుకున్నాయి, ట్రే బయట మూత్రం పోశాయి.

కొడుకు యాంటీబయాటిక్ అడిగారు. ఇన్ఫెక్షన్ లేనప్పుడు అది పనిచేయదని చెప్పి నొప్పి మందు రాశాను, చిగుళ్ళ మీద వేసే బుప్రెనార్ఫిన్. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయొచ్చా అని కూడా అడిగారు. ఎట్టిపరిస్థితుల్లోనూ వేయకూడదు. పిల్లి కాలేయానికి దాన్ని విచ్ఛిన్నం చేసే శక్తి చాలదు, మనం వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది.

ఇక పగ సంగతి. నేను కొడుకుతో కొంచెం ఎక్కువసేపే మాట్లాడాను, ఎందుకంటే ఆ మాట ఇంట్లో నిలబడిపోతే వైద్యం సగంలో ఆగిపోతుంది. 2002లో పశువైద్యురాలు స్టెఫానీ ష్వార్ట్జ్ యజమాని దూరమైనప్పుడు బెంగపడే 136 పిల్లుల వివరాలు ప్రచురించారు. వాటిలో తప్పుచోట మూత్రం పోసేవాటిలో నాలుగింట మూడు వంతులు యజమాని మంచం మీదే పోశాయి. పగ తీర్చుకోవాలంటే ఇల్లంతా ఉంది. అవి వెతుక్కుని వెళ్ళింది ఆ మనిషి వాసన ఎక్కడ ఎక్కువ ఉందో అక్కడికి. పిల్లికి తన వాసనా తన మనిషి వాసనా కలిసి ఉన్నచోటు భద్రమైన చోటు. నొప్పి వచ్చినప్పుడు అక్కడికి పోతుంది. ఈ మాట చెప్తున్నప్పుడు కొడుకు తల వంచుకుని బుట్ట జాలీలోంచి వేలు పెట్టి కిట్టు నుదురు రాస్తూ కూర్చున్నారు.

ఇంటికి వెళ్ళి చూస్తే

వారం తిరక్కుండానే మళ్ళీ రక్తం. ఇలాంటి కేసుల్లో ఇల్లు చూడకుండా వైద్యం చేయడం నాకు ఇష్టం ఉండదు. ఒక ఆదివారం వెళ్ళాను.

పెద్దావిడ గదికి గడియ పెట్టి ఉంది. మంచం పాడవుతోందని మూసేశారట. పరుపు ఎండకు వేశారు, దుప్పట్లు ఉతికారు, గదంతా ఫినాయిల్‌తో కడిగారు. కోడలు తన అత్తయ్య తిరిగొచ్చేసరికి గది శుభ్రంగా ఉండాలని చేసిన పని అది. కానీ కిట్టు వైపు నుంచి చూస్తే మొదట మనిషి పోయింది, తర్వాత ఆ మనిషి వాసన పోయింది, చివరికి గది కూడా పోయింది. పైగా ఫినాల్ ఉన్న క్లీనర్లు పిల్లులకు విషం, పాదాలకు అంటినది నాకితే చాలు. ట్రే చూస్తే వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. పెద్దావిడ ఉన్నప్పుడూ అక్కడే ఉండేది, కానీ ఆవిడ మెషీన్ మధ్యాహ్నం ఒకసారి వేసేవారు. ఇప్పుడు బొంతల పుణ్యమా అని రాత్రీ పగలూ తిరుగుతోంది.

ఇక వేళలు. పెద్దావిడ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేవారు, లేవగానే కిట్టుకు తిండి. ఇప్పుడు ఏడింటికి, ఎవరు ముందు లేస్తే వాళ్ళు. "నాలుగున్నరకే అరుస్తాడు మేడం, అదీ ఇదీ కాని ఒక గొంతు. గుర్రుమంటూనే ఏడ్చినట్టు ఉంటుంది" అన్నాడు మనవడు. ఆ కుర్రాడి చెవి గొప్పది. సస్సెక్స్ యూనివర్సిటీలో కారెన్ మెక్‌కాంబ్ 2009లో వర్ణించిన శబ్దం అదే: తిండి అడిగేటప్పుడు పిల్లులు మామూలు గుర్రులో ఒక సన్నటి ఏడుపు స్వరం కలుపుతాయి, పిల్లులతో అలవాటు లేనివాళ్ళకు కూడా అది తొందరపెడుతున్నట్టు వినిపిస్తుంది. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనడం చాలా అరుదు. ఆ మాటను అవి మన కోసమే దాచుకున్నాయి. ఆరేళ్ళుగా ఆ పిలుపుకి ఒకరు లేచి వచ్చేవారు. ఇప్పుడు రావడం లేదు.

కూతురింటికి వాణ్ణి పంపేద్దామా అని కొడుకు అడిగారు. నేను వద్దన్నాను. అక్కడ కుక్క ఉంది. నొప్పితో ఉన్న పిల్లిని తెలియని ఇంట్లో కుక్క ముందు దించితే నాళం మూసుకుపోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పిల్లికి ఇల్లు కూడా ముఖ్యమే. మనిషి మాత్రమే చాలు అని నేను అనడం లేదు.

చేసినవి ఇవి. గది తలుపు తీసేశాం, పరుపు మీద నీళ్ళు దిగని షీటు పరిచాం. రెండో ట్రే కొని పెద్దావిడ గదిలోనే ఒక మూల పెట్టాం, ఇసుక మాత్రం పాత బ్రాండే. ఫినాయిల్ బదులు ఎంజైమ్ క్లీనర్. పొడి తిండిలో నీరు పదోవంతు కూడా ఉండదు, తడి తిండిలో మూడొంతుల పైనే ఉంటుంది, అందుకని మెల్లగా తడి పౌచ్‌లకు మార్చాం. చేపవాసన ఇంట్లోకి రాకుండా మనవడు బాల్కనీలోనే కత్తిరించి గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చే ఏర్పాటు. పొద్దున తిండి బాధ్యత కూడా వాడే తీసుకున్నాడు. పదో తరగతి చదువుకి ఎలాగూ అయిదింటికి లేవాలి కదా అన్నాడు. రోజూ సాయంత్రం తాడుకి ఈక కట్టి పావుగంట ఆట.

అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు వేళచ్చేరి నుంచి వచ్చాయి.

చీర, గొంతు

పెద్దావిడకు ఫోన్ చేసి, కట్టి విడిచిన నూలుచీర ఒకటి ఉతక్కుండా పంపమన్నాను. మడి పాటించే ఇంట్లో ఈ మాట అడగడానికి కొంచెం సంకోచించాను. ఆవిడకు ఏ సంకోచమూ లేదు. "వాడు నా కొంగులో పడుకునే కదమ్మా పెరిగాడు" అని, అదే రోజు అల్లుడి చేత పంపించారు. చీర మంచం మీద పరిచాం. కిట్టు వచ్చి అంచు నుంచి అంచు దాకా వాసన చూసి, బుగ్గలు రుద్దాడు. బుగ్గల్లో ఉండే గ్రంథుల వాసన పిల్లి తనకు నమ్మకమున్న చోట్ల రాస్తుంది. తర్వాత ముందుకాళ్ళతో చీరను పిండిలా పిసికాడు. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు పిల్లలు చేసే పని అది. పెద్దయ్యాక కూడా హాయిగా ఉన్నప్పుడు చేస్తాయి.

గొంతు సంగతి అంత సాఫీగా సాగలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. పెద్దావిడ రోజూ సాయంత్రం విష్ణు సహస్రనామం చదువుతారు. ఆ వేళకు కిట్టు పక్కనే కూర్చునేవాడట. వీడియో కాల్ పెట్టి చదవమన్నాను. మొదటి రోజే కోడలు నాకు నిరాశగా మెసేజ్ పెట్టారు: "ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు మేడం. అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

వీడియో పంపమన్నాను. చూస్తే కిట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నిజమే, తల తిప్పలేదు. కానీ ఆవిడ గొంతు మొదలవగానే రెండు చెవులూ వెనక్కి, ఫోన్ ఉన్న వైపుకి తిరిగాయి. శ్లోకం సాగినంతసేపూ అటే ఉన్నాయి. మధ్యలో కోడలు మాట్లాడితే ఒక చెవి ఆవిడ వైపు వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. జపాన్‌లో అట్సుకో సైతో 2013లో 20 పిల్లుల మీద చేసిన పరిశోధనలో తేలింది ఇదే. పిల్లులు తమ మనిషి గొంతును పరాయి గొంతుల్లోంచి గుర్తుపడతాయి. అయితే గుర్తుపట్టినట్టు చెవులతో, తలతో చూపిస్తాయే గానీ లేచి రావు, అరవవు. కుక్క తోకకు అలవాటు పడిన మన కళ్ళకు ఆ చెవులు కనబడవు.

ఆ వీడియోలో చెవుల చుట్టూ గీతలు గీసి పెద్దావిడకు పంపాను. ఆవిడ ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే వింటున్నాడన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచి కాల్ ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఫిజియోథెరపీకి విసుక్కుంటున్న మనిషి ట్రిప్లికేన్ మెట్లు ఎక్కాలంటే ఎన్నాళ్ళు పడుతుందని అడగడం మొదలుపెట్టారని కూతురు చెప్పింది.

రక్తం పడటం వారంలో తగ్గింది. ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. ఈ జబ్బు సాధారణంగా వారంలో దానంతట అదే సర్దుకుంటుంది, కాబట్టి ఆ తగ్గుదలను ఏ ఒక్కదానికీ కట్టబెట్టలేను. కానీ అంతకుముందు వెంటవెంటనే తిరగబెట్టినది సెప్టెంబరంతా తిరగబెట్టలేదు, మంచం మీద పోయడమూ ఆగింది. తడి తిండి, రెండో ట్రే, తలుపు, చీర, గొంతు: అన్నీ కలిసి చేసిన పని అని నా అంచనా. చీర తీసి ఉతికిన వారం కిట్టు తిండి సగానికి తగ్గించాడు, ఇంకో చీర వచ్చాక మళ్ళీ తిన్నాడు. ఒక్క సంఘటన రుజువు కాదు. నా అభిప్రాయానికి మాత్రం అది బలం.

ఆవిడ తిరిగి వచ్చిన రోజు

నవరాత్రులకు ముందు పెద్దావిడ వాకర్‌తో ఇంటికి వచ్చారు. అందరూ ఎదురుచూసింది కిట్టు పరుగెత్తుకుని వస్తాడని. వాడు మంచం కిందికి దూరాడు.

ఇలా జరగొచ్చని ముందే చెప్పి ఉంచాను. వాకర్ చప్పుడు, మందుల వాసన, మారిన నడక, వెంట వచ్చిన బంధువులు. గొంతు ఆవిడదే, మిగతాదంతా కొత్త. "పిలవొద్దు, పట్టుకుని బయటికి లాగొద్దు. మంచం మీద కూర్చోండి, వాడు చూస్తే మెల్లగా కళ్ళు మూసి తెరవండి, చూపు పక్కకి తిప్పుకోండి" అని చెప్పాను. మెల్లగా కళ్ళు ఆర్పడం పిల్లుల మధ్య నెమ్మదితనానికి గుర్తు. మెక్‌కాంబ్ బృందమే 2020లో దీన్ని పరీక్షించింది: మనిషి అలా కళ్ళార్పితే పిల్లులు కూడా ఆర్పాయి, కొత్త మనిషి అలా చేసి చెయ్యి చాపితే దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి.

బంధువులు వెళ్ళాక, రాత్రి, వాడు బయటికి వచ్చాడట. తోక నిట్టనిలువుగా, కొస కొంచెం వంచి. తెలిసినవాళ్ళను పలకరించే తోక అది. వాకర్ కాళ్ళకు బుగ్గలు రుద్దాడు, తర్వాత ఆవిడ పాదానికి. మంచమెక్కి, ఆపరేషన్ జరిగిన వైపు వాసన చూసి, రెండో వైపుకి వెళ్ళి పడుకున్నాడు. "ఎడమ వైపు నొప్పని వాడికి ఎవరు చెప్పారు డాక్టరమ్మా?" అని ఆవిడ మర్నాడు అడిగారు. కట్టు వాసన వాడికి నచ్చి ఉండకపోవచ్చని చెప్పాను. ఆవిడ తన జవాబే ఉంచుకున్నారు. నాకు దాంతో తగాదా లేదు.

అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టిన్ విటాలి 2019లో ప్రచురించిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. పిల్లిపిల్లను తన మనిషితో రెండు నిమిషాలు గదిలో ఉంచి, మనిషి రెండు నిమిషాలు బయటికి వెళ్ళి, తిరిగి వస్తే ఏం చేస్తుందో చూశారు. దాదాపు 64 శాతం పిల్లలు మనిషి రాగానే పలకరించి, కుదుటపడి, మళ్ళీ ఆటలో పడ్డాయి. మనిషి బిడ్డల్లో కూడా తల్లి విషయంలో కనిపించే నిష్పత్తి దాదాపు ఇంతే. మంచి బంధానికి గుర్తు అంటుకుపోవడం కాదు. తన మనిషి ఉందని తెలిస్తే పిల్లి ధైర్యంగా తన పనులు తాను చేసుకుంటుంది. కిట్టు ఆ వారంలోనే మళ్ళీ బాల్కనీలో కాకులతో వాదనకు దిగాడు, ఆడుకునే ఈకను అల్మరా మీదికి ఎక్కి మరీ దించాడు. వాడు తేరుకున్నాడని నేను నమ్మింది అప్పుడే.

ఇంట్లో ఒక పెద్ద భయం మిగిలింది. వాకర్‌తో నడిచే మనిషి కాళ్ళ మధ్య పిల్లి తిరిగితే మళ్ళీ పడిపోతారని. ఎవరికైనా ఇచ్చేయమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. భయం సరైనదే, సలహా సరైనది కాదు. పిల్లి కాళ్ళకు చుట్టుకునేది ఎక్కువగా తిండి వేళకు, కాబట్టి తిండి పెట్టే పని మనవడి చేతిలోనే ఉంచాం. మెడకు చిన్న గంట కట్టాం, లాగితే ఊడిపోయే పట్టీతో. ఆవిడ మంచం, కుర్చీ పక్కన వాడు ఎక్కి కూర్చునేలా బల్లలు వేశాం. ఎత్తు మీద ఆవిడ చేతికి అందేంత దగ్గర్లో ఉంటే కిందికి దిగే అవసరం వాడికి తగ్గింది. రాత్రి బాత్రూం దారిలో సన్న లైటు. ఆవిడ మళ్ళీ పడలేదు.

కొలువు పెట్టిన రోజుల్లో పేరంటానికి వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి సాయంత్రాలు కిట్టును గదిలో ఉంచి తలుపేశారు, ట్రే, నీళ్ళు, చీరతో. ఇబ్బంది రాలేదు. దీపావళికి వచ్చింది. టపాసుల మర్నాడు మూత్రంలో మళ్ళీ గులాబీ రంగు. ఆ రాత్రే ఫోన్ చేశారు, నొప్పి మందు మొదలుపెట్టాం, మూడు రోజుల్లో సర్దుకుంది. ఈ జబ్బు ఉన్న పిల్లికి ఇలాంటివి వస్తూ పోతూ ఉంటాయి. వచ్చే దీపావళికి బెదురు తగ్గించే గాబాపెంటిన్ మందు ముందుగా ఇవ్వాలని కార్డులో రాసి పెట్టాను.

ఆవిడ వైపు నుంచి

కేసు రాసేటప్పుడు పిల్లి గురించే రాయడం మాకు అలవాటు. ఈ ఇంట్లో రెండో రోగి కూడా ఉన్నారు. తుంటి విరిగాక పెద్దవాళ్ళు మంచానికి అంటుకుపోవడం చాలా ఇళ్ళలో చూస్తాం. ఈవిడ పొద్దున నాలుగున్నరకు లేస్తున్నారు, ఎందుకంటే లేపడానికి ఒకడున్నాడు. తిండి మనవడు పెట్టినా, పక్కన నిలబడి చూడటం ఆవిడ పని. అందుకోసం బాల్కనీ దాకా నడుస్తారు. పిల్లి గుర్రు ఎముకలు అతికిస్తుందని ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగారు. పిల్లి గుర్రు సెకనుకు సుమారు 25 నుంచి 150 కంపనాల మధ్య ఉంటుంది, దానితో మనిషి ఎముక అతుకుతుందనడానికి రుజువు లేదని చెప్పాను. నొప్పిలో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుందని, గుర్రు విని అంతా బాగుందనుకోవద్దని కూడా చెప్పాను.

"ఎముక సంగతి వదిలెయ్యమ్మా. ఆయన పోయాక ఈ మంచం మీద నాకు నిద్ర పట్టిందంటే వీడి వల్లే" అన్నారు.

ఒకసారి మాటల్లో వాళ్ళ సంప్రదాయం సంగతి వచ్చింది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, పిల్లిపిల్లను మాత్రం తల్లే మెడ కరుచుకుని మోస్తుంది. భక్తుడు రెండో దానివంటివాడని తెంకలై వైష్ణవులు అంటారు, మార్జాల కిశోర న్యాయం అంటే అదే. ఆవిడ కిట్టు మెడ మీద చెయ్యి వేసి "నాలుగు వారాల పిల్లప్పుడు వీణ్ణి నేను మోశాను. ఇప్పుడు ఎవరు ఎవర్ని మోస్తున్నారో ఆ పార్థసారథికే తెలియాలి" అన్నారు.

ముందున్న పని

కిట్టు బరువు 5.9 నుంచి 5.4 కిలోలకు దిగింది, అయిదుకి తేవాలి. మూత్రం చిక్కదనం 1.038కి వచ్చింది. ఆరు నెలలకొకసారి మూత్రం, ఏడాదికొకసారి కిడ్నీ పరీక్ష.

మాఘమాసంలో పెద్దావిడకు కంటి శుక్లం ఆపరేషన్ ఉంది. ఒక రాత్రి కూతురింట్లో ఉంటారు. తిరిగొచ్చాక కొన్నాళ్ళు కంట్లో దుమ్ము, వెంట్రుకలు పడకూడదు కాబట్టి కిట్టు మంచం మీద పడుకోవడానికి వీల్లేదు. ఈసారి ముందుగానే సిద్ధం అవుతున్నాం. మంచం పక్క బల్ల మీద వాడి పరుపు ఇప్పటి నుంచే అలవాటు చేస్తున్నారు, దాని మీద ఆవిడ చీర. సహస్రనామం రికార్డు చేసి మనవడి ఫోన్‌లో ఉంచారు. ఆపరేషన్‌కి వారం ముందు కిట్టు మూత్రం ఒకసారి చూస్తాను, తేదీ రాసి ఇచ్చేశాను.